వద్దన్న ఇంట్లో అద్దెకు

ఇప్పుడు మేం అద్దెకుంటున్న ఇంటిని ఐదేళ్ళ క్రితం కొనుక్కునే అవకాశం మాకు వచ్చింది. నేనే వద్దన్నాను.

అమెరికాలో మేముండే ఆష్‌బర్న్‌లో అప్పుడే ఈ కమ్యూనిటీ కొత్తగా కడుతున్నారు. గోడకు గోడ ఆనించి వరసగా కట్టిన టౌన్‌హోమ్‌లన్నీ అమ్ముడుపోయి ఇదొక్కటి ఉండిపోయింది. ఎందుకుండిపోయిందో మనవాళ్ళకు చెప్పనక్కర్లేదు. సేల్స్ ఆఫీసు నుంచి వచ్చిన అమెరికన్ ఆవిడ తాళం తీసి లోపలికి రమ్మంటుంటే, నేను గుమ్మం ముందే ఆగి ఫోన్‌లో కంపాస్ తెరిచాను. ఆవిడ నవ్వి, "సారీ, నాట్ ఈస్ట్ ఫేసింగ్," అంది. పాపం, ఆవిడకు తెలుగు రాదు గానీ వాస్తు వచ్చేసింది. వంటిల్లు విశాలంగా ఉంది, వెనక చెట్లున్నాయి, స్కూలుకు నడిచి వెళ్ళొచ్చు. ధర కూడా కాస్త తగ్గిస్తామన్నారు. మా ఆయన మేడ మీద గదులన్నీ చూసి కిందికి వచ్చి నా మొహం వైపు చూశాడు.

"వెస్ట్ ఫేసింగ్ వద్దు. ఇంకోటి చూద్దాం," అన్నాను.

"సరే," అన్నాడు. అంతే.

ఆ ఇంకోటి రాలేదు. తూర్పు గుమ్మం ఉన్న ఇల్లు మార్కెట్‌లోకి వచ్చిందంటే చాలు, శనివారం పొద్దున అందరికీ ఇల్లు చూపించే ఓపెన్ హౌస్ దగ్గర అంతా మనవాళ్ళే. గుమ్మానికి వీపు పెట్టి, వీధి వైపు తిరిగి, ఒకరి తర్వాత ఒకరు ఫోన్‌లో దిక్కులు చూసుకుంటుంటారు. ఆదివారం సాయంత్రానికల్లా ఆ ఇల్లు ఎవరిదో అయిపోతుంది. ఏడు ఇళ్ళకు ఆఫర్లు పెట్టాం, ఏడూ పోయాయి. ఈలోగా ధరలు పెరిగాయి, వడ్డీలు పెరిగాయి, మేముండే అపార్ట్‌మెంట్ అద్దె కూడా పెరిగింది. రెండేళ్ళ క్రితం విసిగిపోయి అద్దెకు ఇంకో ఇల్లు వెతుకుతుంటే ఇదే కనిపించింది.

దీన్ని కొన్నది న్యూజెర్సీలో, ఐసెలిన్ దగ్గరుండే తెలుగాయన. లీజు మీద సంతకాలయ్యాక ఉండబట్టలేక ఫోన్‌లో అడిగాను, "మీకు ఫేసింగ్ పట్టింపు లేదాండీ?" అని.

"ఎందుకుండదండీ! మేముండేది ఈస్ట్ ఫేసింగ్‌లోనే. ఇది రెంట్‌కిచ్చేదే కదా అని చూళ్ళేదు," అన్నాడు తాపీగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. అంటే దోషమేదైనా ఉంటే అది అద్దెకున్నవాళ్ళు పడాలన్నమాట. అప్పుడు కొనుంటే మేం కట్టాల్సిన వాయిదా కంటే ఇప్పుడు ఆయనకు కట్టే అద్దె ఎక్కువ. ఆ మాట మా ఆయనకూ తెలుసు. ఒక్కసారి కూడా పైకి అనలేదు.

అప్పట్నుంచీ నాకు ఈ ఇంట్లో కాలు నిలవదు. ఆఫీస్ కాల్స్ అయిపోగానే వాకింగ్ అని బయల్దేరతాను. నడిచేది తక్కువ, ఇళ్ళు చూసేది ఎక్కువ. ఏది ఎటు తిరిగి ఉంది, ఏది ఎంతకు పోయింది, ఎవరు కొన్నారు. అలా డేటా సెంటర్ల గోడల దాకా వెళ్ళి, లోపలి ఫ్యాన్ల హోరు వినబడగానే వెనక్కి తిరుగుతాను. ఇంటికొచ్చాక కూడా ఫోన్‌లో మళ్ళీ ఇళ్ళే.

కెనడా ఆలోచన ఆ నడకల్లోనే పుట్టింది. ఇక్కడ మా గ్రీన్‌కార్డ్ వరస ఎప్పటికి కదులుతుందో ఎవరికీ తెలియదు. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, లేదంటే పెట్టెలు సర్దుకోవాలి. అక్కడైతే ముందే పీఆర్, అంటే శాశ్వతంగా ఉండే హక్కు, ఇచ్చి రమ్మంటున్నారు. అప్లై చేద్దామన్నాను. "సరే," అన్నాడు మా ఆయన. చేశాం, వచ్చింది. ఇచ్చిన గడువులోపు వెళ్ళి అక్కడ దిగాలి. మార్చి వచ్చేసరికి ఆ గడువుకి ఆరు వారాలు మిగిలాయి.

కాల్గరీలో ఉన్న నా కాలేజీ స్నేహితురాలు మా కోసం ఒక ఇల్లు చూసిపెట్టింది. ఒక శనివారం వీడియో కాల్ చేసి ఆ ఇంటి ముందు నిలబడింది. విడి ఇల్లు. ధర ఇక్కడి టౌన్‌హోమ్ కంటే బాగా తక్కువ.

"చూడవే, మా ఆయన ఫోన్‌లో కంపాస్ కూడా పెట్టి తెచ్చా. పక్కా ఈస్ట్!" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. గుమ్మం చూశాను, మెట్ల మీద మంచు చూశాను. పక్కన ఆగి ఉన్న దాని కారు ముందు నుంచి ఒక వైరు వేలాడుతోంది.

"ఆ వైరేంటే?"

"ఇంజిన్ హీటర్‌ది. బాగా చలిగా ఉన్నప్పుడు రాత్రంతా ప్లగ్‌లో పెట్టకపోతే పొద్దున కారు స్టార్ట్ అవదు." నవ్వి, గొంతు తగ్గించింది. "ఒక మాట. శాలరీలు మాత్రం మీ అంత ఉండవే. మా ఆయన అమెరికా జాబ్స్‌కే అప్లై చేస్తున్నాడు. నువ్వు మాత్రం వచ్చెయ్. గురువారం కల్లా చెప్తే ఓనర్‌తో మాట్లాడతా."

ఆ చివరి రెండు ముక్కలే నా చెవిన పడ్డాయి.

ఆ సాయంత్రం మా అమ్మాయి హాల్లో నేల మీద కూర్చుని బొమ్మలు వేస్తోంది. దానికి ఎనిమిదేళ్ళు. తలుపు తీసి ఉంటే ఎండ వంటింటి దాకా వస్తుంది. ఎండ జరిగినకొద్దీ అదీ కాగితాలు తీసుకుని జరుగుతుంటుంది.

"అమ్మా, కాల్గరీలో కూడా సన్ ఇట్లా డోర్‌లోకి వస్తుందా?"

"వస్తుంది. పొద్దున్నే."

"మార్నింగ్ నేను స్కూల్‌లో ఉంటా కదా," అని మళ్ళీ బొమ్మలో పడిపోయింది.

నాకెందుకో తట్టుకోలేని చిరాకు వచ్చింది. వంటింట్లో టీ పెడుతున్న మా ఆయన దగ్గరికి వెళ్ళాను.

"నువ్వెందుకు నన్ను ఏమీ అనవు?"

"ఏమనాలె?"

"నేనారోజు వద్దనకపోతే ఈ తిప్పలు లేవని అను. ఐదేళ్ళయింది. ఒక్కసారన్నా అను. నువ్వు అనకపోవడమే నేను భరించలేకపోతున్నా."

ఆయన స్టవ్ ఆపాడు. టీ వడకట్టలేదు.

"నేను గూడ చూసిన ఆ రోజు," అన్నాడు. "మేడ మీద కిటికీ కాడ నిలబడి నా ఫోన్ల కంపాస్ చూసిన. నాకు గూడ భయమైంది. నువ్వే వద్దంటే మంచిగుండు అనుకుంట కిందికొచ్చిన. నువ్వన్నవు. నేను ఊకున్న."

రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆఫర్ పోయిన ప్రతిసారీ నేను లోపల్లోపల కుమిలిపోతుంటే, ఈ మనిషి పక్కన కూర్చుని ఓదార్చాడు. ఆ ఓదార్పుకు నేను కృతజ్ఞతగా కూడా ఉన్నాను. అది తలుచుకుంటే ఇంకా కోపమొచ్చేది. మూడో రోజు వాకింగ్‌లో డేటా సెంటర్ గోడ దాకా వెళ్ళాక గాని తెలియలేదు, దారిలో ఒక్క ఇంటి గుమ్మం కూడా చూడలేదని. కాల్గరీ వెళ్దామనుకున్నది ఇంటి కోసమూ కాదు, పీఆర్ కోసమూ కాదు. నా తప్పు నేను దిద్దుకోవడానికి. అది నా ఒక్కదానిదే కాదని తెలిశాక ఆ వైరు, ఆ జీతాలు, ఆ పొద్దుటి ఎండ అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి.

ఇంటికొచ్చి అడిగాను. "నీకు నిజంగా వెళ్ళాలనుందా?"

"లేదు."

"మరి పీఆర్‌కి ఎందుకు అప్లై చేశావ్?"

"నువ్వన్నవని."

గురువారం స్నేహితురాలు కాల్ చేసింది. "ఏం చెప్పమంటావే ఓనర్‌కి?" అంది.

"మా ఆయన చెప్తాడు," అని స్పీకర్ ఆన్ చేసి ఫోన్ ఆయన ముందు పెట్టాను. అలవాటుగా ఆయన నా మొహం వైపు చూశాడు. నేను గుమ్మం వైపు తిరిగిపోయాను. అవతల అది హలో, హలో అంటోంది. ఆయన ఫోన్ మీదికి వంగి, "వద్దండీ," అన్నాడు.