మూడు టిక్కీలు వేస్తే తిన్నగా నడిచిన కారు

2003 మార్చి. చిలకలూరిపేట దాటాక హైవే పక్కన నా షెడ్డు. కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజులు కాబట్టి గాలి తిరిగితే చాలు, స్పానరు పట్టుకున్నవాడూ తుమ్ముతాడు, బండి దిగినవాడూ తుమ్ముతాడు. మా దగ్గర నాలుగు వరసల రోడ్డు అప్పుడప్పుడే తెరిచారు. అంతకు ముందు గుంతల్లో యాభై దాటని బండ్లన్నీ ఒక్కసారిగా ఎనభై, తొంభై మీద పోవడం మొదలుపెట్టాయి. దాంతో అన్నాళ్లూ దాక్కున్న జబ్బులన్నీ బయటపడి నా షెడ్డు ముందు వరస కట్టాయి.

ఆ వరసలో ఒక గురువారం పొద్దున పండుమిరప రంగు స్పోర్ట్స్ కారు వచ్చి ఆగింది. రెండే సీట్లు, మడిచే గుడ్డ టాపు, నేలకి జానెడెత్తున పొట్ట. ముప్పై ఏళ్ల నాటి విదేశీ బండి. అందులోంచి కోటయ్యగారు దిగారు. యడ్లపాడు వైపు మిరపా పత్తీ వేసే రైతు, అరవైకి దగ్గర పడ్డ మనిషి. ఆయన దిగిన రెండు నిమిషాలకి వెనకే ఒక ఆటో వచ్చింది. అందులోంచి ఆయన భార్య సీతారావమ్మగారు దిగారు.

"కారుండగా ఆటో ఏంటమ్మా?" అన్నాను.

"ప్రాణం తీపి, మస్తానూ! ఆ కారు రోడ్డు మీద పోదు. రోడ్డంతా పోద్ది."

కోటయ్యగారు వినబడనట్టు కండువాతో బానెట్టు తుడుస్తున్నారు. సంగతి మెల్లగా బయటికొచ్చింది. ఆదివారం వాళ్ల పెళ్లిరోజు. భార్యని ఈ కార్లో కొత్తపట్నం సముద్రానికి తీసుకెళతానని ఆయన మాటిచ్చాడు. కిందటి వారం సరదాగా హైవే ఎక్కితే, బండి అటూ ఇటూ ఊగి ఒక పత్తి లారీ పక్కకి పోయిందట. లారీవాడు తిట్టిన తిట్లు ఆవిడ నాకు అప్పజెప్పబోయి ఆగింది.

"సోమవారం ఒంగోలు నుంచి బేరగాడు వస్తున్నాడు. ఆదివారానికి తిన్నగా నడిచిందా, ఉంటది. లేదంటే వాడి వెంట పోద్ది. ఒప్పుకున్నారా లేదా అడుగు మీ కోటయ్యగార్ని."

"ఒప్పుకున్నాన్లే," అన్నాడాయన, బానెట్టు మీద చెయ్యి తీయకుండానే.

ఇరవై ఏళ్ల వయసులో మద్రాసు రోడ్డు మీద ఇలాంటి కారొకటి ఆగిపోతే ఈయన తోశాడట. కారాయన సంతోషపడి ఓ మైలు దూరం పక్కన కూర్చోబెట్టుకు తిప్పాడట. ఆ మైలు మనసులో పెట్టుకుని, పిల్లల పెళ్లిళ్లన్నీ అయ్యాక, మూడేళ్ల కిందట మద్రాసులో దుమ్ము పట్టిపోయిన ఈ బండి వెతికి పట్టుకున్నాడు. అమ్మెయ్యడమంటే ఆయనకి ఎలా ఉంటుందో ఆ చెయ్యి చూస్తేనే తెలుస్తోంది.

నేనే నడిపి చూశాను. మా పనిలో ఒక తేడా ముందే తేల్చుకోవాలి. బండి ఒకవైపే లాగుతుంటే దాన్ని పుల్లింగ్ అంటాం, బ్రేకో టైరో చూస్తాం. అటూ ఇటూ తిరుగుతుంటే అది వాండరింగ్. దానికి వంద కారణాలు. ఈ బండి అరవై దాకా బుద్ధిగా ఉంది. డెబ్బై దాటగానే స్టీరింగు నీళ్లలో తెడ్డులా తేలిపోయింది. కొంచెం ఎడమకి తిప్పితే అక్కడే ఉండిపోతుంది, మళ్లీ తిన్నగా రావాలన్న ధ్యాసే లేదు దానికి.

టైర్లలో గాలి చూశాను. జాకీ మీద లేపి చక్రాల్ని పట్టి కదిపాను, బేరింగులు బాగున్నాయి. స్టీరింగునీ చక్రాన్నీ కలిపే టై రాడ్ ఎండ్ ఒకటి కొద్దిగా అరిగితే మార్చాను. శుక్రవారం గుంటూరు పంపి వీల్ అలైన్‌మెంట్ పెట్టించాను. చక్రాలు రెండూ ఒకదానికొకటి సరిగా ఉన్నాయో లేదో మెషీను మీద చూడడం అది. అన్నీ సరిగ్గానే ఉన్నాయని చీటీ వచ్చింది. చీటీతో పాటు బండి కూడా వచ్చింది, రోడ్డంతా తిరుగుతూ.

శనివారం పొద్దున్నే ఇద్దరూ ఆటోలో వచ్చారు. టీ తెప్పించాను. కోటయ్యగారు గ్లాసు అందుకున్నారు.

"కొన్నప్పుడు బాగానే ఉండేది మస్తానూ. ఈ కొత్త రోడ్డే బాలేదేమో," అన్నాడు.

"రోడ్డుకేం రోగం? టిక్కీలు వేసిన రోజు తిన్నగానే పోయింది గదా," అంది సీతారావమ్మగారు.

టిక్కీ అంటే మిరపకాయల బస్తా, మనిషి నడుమెత్తు ఉంటుంది. పది రోజుల కిందట కొత్త కాయ చూపించడానికి ఈయన మూడు టిక్కీలు ఆ కార్లోనే వేసుకుని గుంటూరు యార్డుకి పోయాడట. రెండు డిక్కీలో మూత తాడేసి కట్టి, ఒకటి సీట్ల వెనక.

నాకు నవ్వొచ్చింది. "వెనక బరువేస్తే ముందు తేలికవుద్దమ్మా. ఇంకా ఎక్కువ తిరగాలి గానీ."

"అదంతా నాకు తెలీదు. ఆ రోజు నాకు కునుకు పట్టింది. ఈయన పక్కన కూర్చుని నేను కళ్లు మూశానంటే బండి తిన్నగా పోయినట్టా, కాదా?"

కోటయ్యగారు గ్లాసు కింద పెట్టారు. "అవునే! యార్డుదాకా మాట్లాడలేదు నువ్వు. అప్పుడే అనుకున్నా, ఇంత ప్రశాంతంగా ఉందేంటా అని."

"ఆ ప్రశాంతం నా వల్ల కాదు, టిక్కీల వల్ల."

మాటల మీద కాలం గడపడం ఎందుకని పక్క కోల్డ్ స్టోరేజీ నుంచి మూడు టిక్కీలు తెప్పించి కార్లో వేశాం. ముగ్గురం తుమ్ముకుంటూనే. ఆవిడని షెడ్డులో ఉంచి మేమిద్దరం హైవే ఎక్కాం. ఎనభై, ఎనభై అయిదు. బండి గీత గీసినట్టు పోయింది! టిక్కీలు దించి చూస్తే మళ్లీ పాత పాటే.

అప్పుడు నాకు పని నేర్పిన మా ఉస్తాదు చెప్పిన సైకిలు సంగతి గుర్తొచ్చింది. సైకిలు ముందు ఫోర్కు కాస్త ఏటవాలుగా ఉంటుంది. అందుకే చేతులు వదిలినా అది తిన్నగా పోతుంది. కారు ముందు చక్రాలకీ అలాంటి వాలే ఉంటుంది, దాన్ని క్యాస్టర్ అంటారు. వెనక భాగం ఎత్తు పెరిగితే ముందుండే ఈ వాలు తగ్గిపోతుంది. టిక్కీల బరువుకి వెనక దిగితే ఆ వాలు మళ్లీ వస్తుంది.

తాపీ మేస్త్రీ మట్టం చూసే నీటి గొట్టం తెచ్చి తలుపు కింద అంచుకి ముందొకటీ వెనకొకటీ పట్టి చూశాను. వెనక నాలుగు వేళ్లెత్తు. కిందకి దూరి కమాన్‌కట్టలు, అంటే ఇనప పట్టీలు పేర్చి కట్టిన వెనక స్ప్రింగులు, ఒక్కో పట్టీ లెక్కపెట్టాను. రెండు వైపులా ఒక్కో పట్టీ రంగులో వేరు, మందంలో వేరు.

"కోటయ్యగారూ, ఈ జీపు పట్టీలు ఎవరేశారండీ?"

"నేనే వేయించా. రెండేళ్లయింది, దర్శిలో. కల్లం దారిలో పొట్ట నేలకి తగులుతోందని. బలం కదా!"

"మూడు రోజులుగా చెప్పలేదే?"

"అదేమన్నా రిపేరా చెప్పడానికి?"

ఆయన్ని అనడానికేముంది? మా వైపు జీపు కొన్నా ట్రాలీ కొన్నా బరువుకి తట్టుకోవాలని ముందు ఇంకో పట్టీ వేయిస్తాం. ఖాళీగా ఉన్నప్పుడు వెనక ఎత్తుగా నిలబడ్డ బండి మా కళ్లకి బలమైన బండి. మూడు రోజులు ఆ కారు నా ముందు వెనక లేపుకుని నిలబడితే, భలే దిట్టంగా ఉందనుకున్నాను నేను కూడా. పాత రోడ్డు మీద యాభై దాటలేదు కాబట్టి ఆ పట్టీల సంగతి ఆయనకీ తెలిసిరాలేదు.

సాయంత్రానికల్లా రెండు పట్టీలూ ఊడదీశాను. బండి వెనక మెల్లగా దిగి, నీటి గొట్టం పట్టి చూస్తే తలుపు అంచు ముందూ వెనకా ఒక మట్టానికొచ్చింది. "మళ్లీ కల్లం దారిలో తగిలితే?" అన్నాడు కోటయ్యగారు ఆశగా.

"కల్లానికి ట్రాక్టరుంది. దీన్ని దీని దారిన పోనీయండి," అంది ఆవిడ.

ఆదివారం పొద్దున షెడ్డు ముందే ఆవిడ కారెక్కింది. ఆటో వెంట రాలేదు. కొంగు తలకి గట్టిగా బిగించి, రెండు చేతులతో తలుపు పట్టుకుని, "మస్తానూ, గుర్తుంచుకో, నాకేమన్నా అయితే పూచీ నీదే," అని నవ్వింది. కారు వెళ్లిన వైపే చూస్తూ నేను మధ్యాహ్నందాకా ఏ పనీ సరిగా చేయలేదు.

ఎండ చల్లబడ్డాక ఆ ఎర్రటి బండి తిరిగొచ్చి ఆగింది. చెయ్యి ఊపుతూ ఎదురెళ్లాను. కోటయ్యగారు పెదవుల మీద వేలు పెట్టి ఊరుకోమన్నారు. పక్క సీట్లో సీతారావమ్మగారు, కాళ్లకి ఇసక, ఒళ్లో గవ్వల మూట, తల ఒక పక్కకి వాల్చి గురక పెట్టి నిద్రపోతోంది.

"ఒంగోలు దాటగానే పడుకుంది," అన్నాడాయన గుసగుసగా. ఆ మొహంలో వెలుగు నేను మర్చిపోను.

మర్నాడు వచ్చిన బేరగాడికి ఆవిడే కాఫీ ఇచ్చి పంపేసిందట.

కళ్లకి అలవాటైన తప్పు కళ్లకి కనబడదని ఆ కారు దగ్గర నేర్చుకున్నాను. నడిపేవాడు వాహనాన్ని ప్రేమిస్తాడు, దాని గురించి సగమే చెబుతాడు. పక్కన కూర్చున్న మనిషికి ఆ ప్రేమ అడ్డం రాదు. అందుకే ఇప్పుడు ఎవరు బండి తెచ్చినా రెండు స్టూళ్లు వేస్తాను, ముందు పక్క సీటు మనిషినే అడుగుతాను. బాగు చేసి పంపాక కూడా ఫోన్ చేసి నేనడిగేది మైలేజీ కాదు, పికప్పూ కాదు. "దారిలో అమ్మగారికి కునుకు పట్టిందాండీ?"