నేను పేనిన తాడు

పదేళ్లుగా నా గుండెల మీద ఒక చెయ్యి ఉంది. మా అత్తగారిది. ఆవిడ పోయి నాలుగేళ్లయింది, చెయ్యి మాత్రం తియ్యలేదు. ఈ సంగతి నా భర్తకు కూడా చెప్పలేదు. మీ ముఖం నాకు తెలియదు కనుక మీకు చెబుతున్నాను.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు, ముక్తేశ్వరం దగ్గరి మా పల్లెలో, ఆవిడకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. మాటా పోయింది, మా వైపు అవునండీ అనడానికి వాడే ఒక్క 'ఆయ్' తప్ప. అన్నం పెట్టనా అంటే ఆయ్. నొప్పిగా ఉందా అంటే ఆయ్. ఎవరూ ఏమీ అడగకపోయినా, ఖాళీ గదిలోంచి, ఆయ్.

అమలాపురం నుంచి డాక్టరుగారు పడవ మీద వచ్చారు. ఆవిడ చెయ్యి ఎత్తి వదిలి చూశారు. తన వేలు పట్టుకోమని చూశారు. తర్వాత నాకో పద్ధతి చెప్పారు. రోజూ ఆవిడ కుడి అరచేతిని నేను పట్టుకుని, తొడ మీద కొబ్బరి పీచు పేనించాలి. మెల్లగా నా చెయ్యి తీసేయాలి. పేనిన తాడు దాచి చూపించాలి. నాలుగు నెలలే అదను, దాటితే చెయ్యి బిగుసుకుపోతుందన్నారు.

వారం చేయించాను. గంటకు బెత్తెడు కూడా వచ్చేది కాదు. నాకా, చంకలో పిల్ల, పొయ్యి మీద ఎసరు. ఎనిమిదో రోజున పీచు లాక్కుని నేనే పేనేశాను. పని తెమలక చేశాననుకున్నాను. నిజంగా అంతేనా? పెళ్లయిన కొత్తలో అందరి ముందూ నా చెంప పగలగొట్టిన చెయ్యి అదే అయినప్పుడు, అది మళ్లీ లేవాలని నాకు మనస్ఫూర్తిగా ఉందని ఏ దేవుడి ముందు ప్రమాణం చెయ్యగలను?

ఒక పొద్దున మంచం పక్కన కూర్చుని పేనుతున్నాను. పక్క మీద ఆవిడ కుడిచేతి బొటనవేలు కదిలింది. నేను ఆగాను. అదీ ఆగింది. మళ్లీ పేనాను. నా వేలు ఎటు తిరిగితే అదీ అటే తిరిగింది. ఆవిడ రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తున్నారు. ఇంకెవరైనా అయితే సంతోషంతో ఇంటిల్లిపాదినీ పిలిచేవారు. నేను లేచి ఆ చేతి మీద దుప్పటి కప్పాను. దుప్పటి కింద ఇంకా కదులుతూనే ఉంది. మర్నాటి నుంచి పెరట్లో కూర్చుని పేనాను.

మళ్లీ వచ్చినప్పుడు డాక్టరుగారు తాడును మూరలు వేసి మురిసిపోయారు. ఆయన వేలిని ఆ చెయ్యి కాస్త పట్టుకుంది కూడా.

"ఇదంతా మీరే పేనేరాండీ, మామ్మగారూ?"

"ఆయ్."

"ఏమ్మా, దగ్గరుండి చేయించేవా?"

"ఆయ్. రోజూ చేయిస్తున్నానండి."

"అయితే వరద తీసేదాకా నేను రానక్కర్లేదమ్మా. ఇలాగే కానియ్యి."

వరద తీశాక వచ్చేసరికి చెయ్యి గుప్పిటగా బిగిసిపోయింది. కొన్ని చేతులంతేనమ్మా అని ఆయన నన్నే ఓదార్చారు. నేను తలూపాను.

ఆవిడ ఆరేళ్లు బతికారు. గోళ్లు అరచేతిలో దిగకుండా నేనే ఆ వేళ్లు విడదీసి తీసేదాన్ని. ఒకసారి అలా తీస్తూ అంతా చెప్పేశాను. క్షమించారా అత్తయ్యగారూ అని అడిగాను. కాకి అరిచినా ఆయ్ అనే మనిషి. చాలాసేపు చూశాను. ఆ ఒక్కదానికీ అనలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. ఆవిడ ఇవ్వనిది మీరెలా ఇస్తారు? చెప్పేశాను, అంతే. ఊపిరి కాస్త బాగా ఆడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.