మాస్టారి భుజం, కండక్టరు మోకాలు

పక్కవాడి సుఖం చూసి కుళ్ళుకునేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. పక్కవాడి నొప్పి తన నొప్పికంటే పెద్దదని తెలిసి కుళ్ళుకునే మనిషి మాత్రం టైలరు మాస్టారొక్కరే.

ఆ సంగతి డాక్టరమ్మకి మొదటిరోజే అర్థమైంది. ఈవిడ మందులిచ్చే డాక్టరు కాదు. బిగుసుకుపోయిన కీళ్ళనీ, పట్టేసిన కండరాలనీ కసరత్తులతో దారికి తెచ్చే ఫిజియోథెరపిస్టు. మేడమీద రెండు గదులు, నాలుగు బల్లలు, గోడకి ఒక కప్పీ తాడు, అంతే ఆవిడ ఆస్పత్రి. మాస్టారి కుడిభుజం ఎంత బిగుసుకుపోయిందంటే, ఊళ్ళోవాళ్ళందరికీ చొక్కాలు కుట్టే మనిషికి తన చొక్కా తొడగడానికి భార్య కావలసి వచ్చింది.

"నొప్పి పదికి ఎంతుందండీ?" అని అడిగింది డాక్టరమ్మ.

మాస్టారు పక్క బల్లమీద నడుం పట్టేసి మూలుగుతున్న బేకరీ ఆవిడవైపు ఓరగా చూశారు. "ఆవిడ ఎంత చెప్పింది?"

"ఎనిమిది."

"నాది తొమ్మిది రాసుకోండి."

ఆ తర్వాత రోజుకో పేచీ. బేకరీ ఆవిడకి పెట్టిన వేడి కాపడం మూట పెద్దది. పెయింటరుకి ఇచ్చిన మణికట్టు పట్టీ నీలంరంగుది.

"నాకెందుకివ్వలేదు?"

"మీకు భుజం కదండీ నొప్పి!"

"మణికట్టు మాత్రం నాది కాదా?"

మాస్టారి భార్య తల పట్టుకునేది. "ఏమనుకోకమ్మా. పెళ్ళిఫొటోలో ఆయనకంటే నేను బాగా పడ్డానని దాన్ని ముప్పై ఏళ్ళుగా అటకమీదే ఉంచారు."

కప్పీ తాడు లాగడం, గోడమీద వేళ్ళు మెల్లగా పైకి పాకించడం మాస్టారి కసరత్తులు. వేళ్ళు ఎక్కడిదాకా వెళితే అక్కడ డాక్టరమ్మ సుద్దముక్కతో గీత పెట్టేది. ఆయన రాగానే ముందు మిగతావాళ్ళ గీతలు చూసుకుని, ఉసూరుమని, అప్పుడు తన గీత దగ్గరికి వెళ్ళేవారు. ఆ మంటలోనే రోజుకో అంగుళం పైకెక్కేవారు.

అలాంటి సమయంలో వచ్చాడు బస్సు కండక్టరు. మోకాలు విరిగి, కట్టు విప్పేసరికి కాలు కర్రలా అయింది. అరవై డిగ్రీలు దాటి వంగదు. వంచబోతే ప్రాణం పోతుందన్నట్టు బల్ల అంచు పట్టుకునేవాడు. మూడోరోజుకి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"ఇక నావల్ల కాదమ్మా. డిపోలో ఏదో కుర్చీ పని ఇస్తారట. అక్కడే పడుంటాను."

"ఎముక అతుక్కుందండీ. కదపకపోతేనే ఇంకా బిగుస్తుంది," అని ఆమె ఎంత చెప్పినా తల తిప్పలేదు.

మాస్టారు కప్పీ తాడు వదిలేసి వచ్చారు. "మోకాలు ఎన్ని డిగ్రీలు?"

"అరవై," అన్నాడు కండక్టరు నీరసంగా.

"నా భుజం తొంభై! ఇన్నేళ్ళూ ముందుకి జరగండి, ముందుకి జరగండి అని జనం ప్రాణాలు తీశారే, మీ కాలు మాత్రం ఒక్క అంగుళం జరగదేం?"

కండక్టరు మొహం కందగడ్డైంది. "భుజానికీ మోకాలికీ పోటీ ఏమిటయ్యా?"

"ఓడిపోయేవాళ్ళు ఇలాగే అంటారు."

అంతే. కండక్టరు పళ్ళు బిగించి మడమని బల్లమీద వెనక్కి లాక్కున్నాడు. అరవై నాలుగు! డాక్టరమ్మ ఆపకపోతే ఆ కోపంలో ఎంతదాకా లాగేవాడో.

ఇక ఆ గదిలో రోజూ యుద్ధమే. కండక్టరు డెబ్భై అంటే మాస్టారికి ముద్ద దిగేది కాదు. ఎనభై అంటే కాపడం మూట చల్లగా ఉందని గొడవ. మూడు వారాలు తిరిగేసరికి కండక్టరు తొంభై అయిదుకి చేరాడు. మాస్టారు మాత్రం తొంభై రెండు దగ్గర ఆగిపోయారు. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని లేపబోతే "అబ్బా!" అని అదిరిపడేవారు. ఆవిడ కసరత్తులు మార్చింది, పుస్తకాలు తిరగేసింది, తన చేతిలోనే ఏదో లోపముందని దిగులుపడింది.

ఒక మధ్యాహ్నం జాకెట్టు గుడ్డ పట్టుకుని మాస్టారి కొట్టుకి వెళ్ళింది. గుమ్మంలోనే ఆగిపోయింది. మాస్టారు మునివేళ్ళమీద నిలబడి, కుడిచెయ్యి నిటారుగా ఎత్తి, పై అరలోంచి బట్టల తాను దింపుతున్నారు.

"మాస్టారూ!"

ఆయన చెయ్యి ఠక్కున కింద పడింది. "అబ్బా, నొప్పి..." అనబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయారు.

"ఎన్నాళ్ళయింది?"

"పదిరోజులు."

"అక్కడ నేనేమో ఎక్కడ తప్పు చేశానా అని కుమిలిపోతున్నాను!"

"ఏం చెయ్యనమ్మా," మాస్టారు గొంతు తగ్గించారు. "నేను ఒకరోజు గబుక్కున నూటపది దాటేశాను, ఇంట్లో. మర్నాడు మీకు చూపిద్దామని ఎగురుకుంటూ వచ్చాను. ఆయన అప్పుడే ఎనభై రెండని పొంగిపోతూ 'మాస్టార్ని పట్టేస్తాను' అంటున్నాడు. నేను చెయ్యెత్తితే మళ్ళీ గోడవైపు తిరిగిపోడూ?"

డాక్టరమ్మ చేతిలోని జాకెట్టు గుడ్డ మెల్లగా బల్లమీద పెట్టింది.

"దొడ్డమనసని మాత్రం అనుకోకండి," అన్నారు మాస్టారు ఉక్రోషంగా. "ఆయన డిగ్రీ పెరిగినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతోంది."

మరో నెలకి కండక్టరు మోకాలు నూట ఇరవై వంగింది. మళ్ళీ బస్సెక్కమని డిపో నుంచి కబురొచ్చింది. ఆరోజు అందరిముందూ ఒకసారి గొంతుక్కూర్చుని లేచి చూపించాడు. బేకరీ ఆవిడ చప్పట్లు కొట్టింది. కండక్టరు తిన్నగా మాస్టారి దగ్గరికొచ్చి, జాలిగా ఆయన భుజం తట్టాడు.

"పట్టుదల ఉండాలి మాస్టారూ. నన్ను చూసి నేర్చుకోండి."

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. కుడిచెయ్యి దానంతటదే పైకి లేవబోయింది. ఎడమచేత్తో గబుక్కున పట్టుకుని కిందికి లాక్కున్నారు. డాక్టరమ్మ తువ్వాలులో మొహం దాచుకుంది.

"అవునండీ," అన్నారు మాస్టారు పళ్ళు నూరుతూ. "మీ అంత పట్టుదల నాకెక్కడిది!"