ఒకే తలుపు నంబరు

ఎర్రసిరా కలంతో ఒక ఆడమనిషికి మొగుణ్ణి లేకుండా చేయబోయిన ఘనుణ్ణి నేను. నవ్వుకోండి, పర్వాలేదు. ఆ రోజు నాతోపాటు ఒకే ఆటోలో ఇరుక్కున్నవాళ్ళు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

తొంభైల చివర్లో విరుదునగర్‌లో ఒక పోలీసు ఆఫీసులో నాకు గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఫ్యామిలీ కోర్టు నుంచి మాకు ఉత్తరాలు వచ్చేవి. ఫలానా భర్త ఎక్కడుంటున్నాడు, అతని మీద ఫిర్యాదులేమైనా ఉన్నాయా, విచారించి తెలపండి అని. ఆ ఉత్తరాన్ని రిజిస్టరులో ఎక్కించి స్టేషనుకు పంపాలి. స్టేషను జవాబును టైపు చేసి, ఆఫీసరు చేత సంతకం పెట్టించి, కవరుకు లక్క ముద్ర వేసి కోర్టుకు పంపాలి. నా పని అంతే. బుర్ర వాడమని ఎవరూ చెప్పలేదు.

కానీ పోలీసు ఆఫీసులో కుర్చీ దొరికాక నా నడకే మారిపోయింది. ప్రతి శనివారం బస్సెక్కి కోవిల్‌పట్టిలో మా అక్క ఇంటికి పోయేవాణ్ణి. (అంత క్రమం తప్పకుండా పోవడానికి ఒక కారణముంది. తర్వాత చెబుతాను, తొందరపడకండి.) అక్క అన్నం పెడుతుంటే నేను గొంతు తగ్గించి, "కేసుల సంగతి బయట చెప్పకూడదక్కా" అనేవాణ్ణి, ఎవరూ అడక్కుండానే.

"నిన్ను ఎవురు అడిగినార్రా? తిను" అనేది అక్క.

మా సెక్షన్ హెడ్ క్లర్కు సరోజమ్మ అనే తమిళావిడ. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. నన్ను చూసిన మొదటి రోజే ఆవిడకు నా జబ్బు తెలిసిపోయింది. "తంబీ, వచ్చింది వచ్చినట్టు పంపు. నువ్వేమీ కనిపెట్టొద్దు" అంది. ఆవిడ కూతురి కాన్పుకని వారం సెలవు పెట్టింది. నా దరిద్రం ఆ వారమే మొదలైంది.

ఆ సోమవారం ఒక ఫైలు వచ్చింది. ముత్తులక్ష్మి అనే ఆమె భర్త నుంచి విడాకులు కోరింది. భర్త పేరు గురుసామి. కోవిల్‌పట్టిలో వేరుశనగ మిఠాయి చేసే చోట పని. కోర్టు నోటీసు అక్కడ అతనుండే ఇంటికి పోతే, తాళం ఉందని తిరిగొచ్చింది. అతనెక్కడున్నాడో విచారించమని కోర్టు మాకు రాసింది. ఆమె ఇచ్చిన చిరునామా నరికుడి పక్క ఒక ఊళ్ళో, పడమటి వీధి, పన్నెండో నంబరు, తల్లి ఇల్లు. స్టేషను జవాబు చూద్దును కదా, "ప్రతివాది తన అక్క ఇంట్లో నివసిస్తున్నాడు. పడమటి వీధి, పన్నెండో నంబరు" అని ఉంది!

నాకు ఒళ్ళు పులకరించింది. దొరికాడు! గురుసామి కాదండీ, స్టేషను రైటరు. విచారణకు పోకుండా, కుర్చీలో కూర్చుని, ఆమె చిరునామానే చూసి మళ్ళీ రాసి పారేశాడన్నమాట! మొగుడి మీద కేసు పెట్టిన పెళ్ళాం పుట్టింట్లో ఆ మొగుడే కాపురముంటాడా? వెంటనే స్టేషనుకు ఫోను చేశాను.

"చిరునామా తప్పు రాశారు."

"లేదు సార్, అదే ఇల్లు. నేనే స్వయంగా పోయి చూశాను."

"అతన్ని చూశారా?"

"తిన్నె మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు సార్."

ఎంత తెగింపు! వెల్లుల్లి దాకా కల్పించాడు! ఫోను టక్కున పెట్టేసి, ఆ జవాబు మీద ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టాను. "ప్రతివాది ఆచూకీ తెలియరాలేదు" అని నా సొంత వాక్యం టైపు చేశాను. ఆఫీసరు యాభై కాగితాల మధ్య దానిమీదా సంతకం గీకేశాడు. లక్క ముద్ర నేనే వేశాను. ఆ శనివారం అక్క ఇంట్లో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

సరోజమ్మ సెలవు ముగించుకుని వచ్చాక ఒక శుక్రవారం పొద్దున, పదిన్నర దాటాక, ముగ్గురు లోపలికి వచ్చారు. ముందు ఒక పాతికేళ్ళ మనిషి, కొంగు బిగించి. వెనక ఒక పెద్దావిడ. ఆవిడ వెనక, చేతిలో మిఠాయి పొట్లంతో, తలొంచుకుని ఒక మగమనిషి.

"గురుసామి కనబడలేదని కోర్టుకు రాసిన మహానుభావుడెవరు?" అని కొంగు బిగించినామె తమిళంలో అరిచింది.

కంగారులో నా నోట్లోంచి ఇంట్లో మాట్లాడే తెలుగు ఊడిపడింది. "అయ్యో దేవుడా!" అన్నాను.

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "మనోడేనా నువ్వు! మనోడై ఉండి ఈ పని చేస్తివా? ఇదో, ఈడ నిలబడుండాడు చూడు మా మామ. మూడు పూటలూ మా యింట్లోనే తింటా ఉండాడు!"

"మీ ఇంట్లోనా? ఆయన అక్క ఇంట్లో ఉన్నాడని కదా..."

పెద్దావిడ ముందుకొచ్చింది. "నేనేనప్పా వాని అక్కని. దీనికి అమ్మని. నా తమ్మునికే నా బిడ్డనిచ్చినా. ఇద్దురూ మాటా మాటా అనుకొని సండ వేసుకొనిరి. ఇది పుట్టింటికని వచ్చె. మూడో దినం వాడు అక్క ఇంటికని వచ్చె. ఇంగో ఇల్లు యాడుందప్పా వాండ్లకి?"

సరోజమ్మ మెల్లగా కళ్ళజోడు తీసి నావైపు చూసింది. ఆ చూపు కన్నా లాఠీ దెబ్బ నయం.

"ఇంతకూ గొడవ దేనికి?" అని అడిగింది.

గురుసామి మొదటిసారి తలెత్తాడు. "నాకేం తెలీదు సామీ. మా అక్క పులుసు మాదిరి నీకు రాదని చెప్పినా. అంతే."

"నలుగురి ముందర చెప్పినాడు!" అంది ముత్తులక్ష్మి. "బయపెట్టాలని కేసు వేసినా. విడిపోతానని ఎవురు చెప్పినారు? ఆచూకీ లేదని పోలీసోళ్ళు రాసేసినారంట. ఈ దినం పదకొండుకి తీర్పు, నీ పీడ పోతుందని వకీలు కబురు పంపినాడు. పోయేది నా మామ గదా!"

గడియారం చూశాను. పదీ ముప్పావు. ఒక ఆడమనిషి కాపురం నా టైపు మిషను మీద కూలిపోతోందని అప్పుడు నిజంగా అర్థమైంది.

"నిలబడి చూస్తావేం, పరిగెత్తు!" అని సరోజమ్మ ఫైలు చంకన పెట్టుకుని తనే ముందు దూకింది.

ఒకే ఆటోలో అయిదుగురం. డ్రైవరు పక్కన సగం బయటికి వేలాడుతూ నేను. వెనక మొగుడూ పెళ్ళాం, మధ్యలో అక్కా అత్తా అమ్మా అన్నీ తానే అయిన పెద్దావిడ, ఓ మూల సరోజమ్మ. దారిలో మిరపకాయల లారీ ఒకటి అడ్డంగా నిలబడిపోయింది. నేను దిగి ట్రాఫిక్ పోలీసులా చేతులూపాను. ఆ ఘాటుకు అందరికీ తుమ్ములు. గురుసామి మాత్రం నింపాదిగా పొట్లం విప్పి, "మిఠాయి తినండి సామీ, ఆకలిగా ఉంటారు" అంటున్నాడు.

కోర్టు మెట్లెక్కుతుంటే లోపలి నుంచి బంట్రోతు కేక వినపడింది. "గురుసామీ!" వసారాలో ఉన్నాం, రెండో కేక. గుమ్మం దగ్గర జనాన్ని తోసుకుంటుండగా మూడోది.

"ఉండాడు!" అని అరిచింది ముత్తులక్ష్మి. కోర్టంతా వెనక్కి తిరిగింది. "ఉండాడు, ఉండాడు! ఈడనే ఉండాడు!"

ఆమె వకీలు ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. జడ్జి ఒక పెద్ద వయసు ఆవిడ. అంతా ఓపిగ్గా వింది. పిటిషను వెనక్కి తీసుకుంటానని ముత్తులక్ష్మి చెప్పగానే సరేనని రాసుకుంది. తర్వాత నా ఎర్రగీత ఉన్న కాగితాన్ని సరోజమ్మ దగ్గర తీసుకుని పైకెత్తి పట్టుకుంది.

"ఇది ఎవరు కొట్టారు?"

"నేనే అమ్మా. భార్యాభర్తలు తగాదాపడి ఇద్దరూ ఒకే ఇంటికి పోతారని నాకు తట్టలేదమ్మా."

"మీదీ ఇలాంటి కుటుంబమేనా?"

"అవునమ్మా."

"పెళ్ళయిందా?"

"వచ్చే నెలలో అమ్మా."

"అమ్మాయి ఎవరు?"

శనివారం శనివారం కోవిల్‌పట్టి బస్సెక్కడానికి కారణం తర్వాత చెబుతానన్నాను కదా, ఇదుగో. "మా... మా అక్క కూతురమ్మా."

జడ్జి గారు నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్ళు తాగారు. కోర్టు మాత్రం ఆపుకోలేదు. బంట్రోతు గోడ పట్టుకున్నాడు. సరోజమ్మ ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ముత్తులక్ష్మి గురుసామి భుజం మీద వాలి నవ్వుతోంది.

ఆ సాయంత్రం ఆఫీసులో తపాలు రిజిస్టరు మీద చెయ్యివేసి, సరోజమ్మ సాక్షిగా, ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట స్టేషను రైటరు వెల్లుల్లి అంటే వెల్లుల్లే. ఎర్రసిరా ముట్టను. ఒకే తలుపు నంబరు రెండుసార్లు కనిపిస్తే, ముందు ఎవరికెవరు ఏమవుతారో కనుక్కుంటాను.

ఆ మాట ఈనాటికీ తప్పలేదు. పెళ్ళయ్యాక నేను ఇల్లాలి మీద అలిగి మూడుసార్లు కోవిల్‌పట్టి బస్సెక్కాను. మూడుసార్లూ ఆమె ముందు బస్సులోనే వచ్చి మంచం మీద కూర్చుని ఉంది. అక్క మాత్రం వంటింట్లోంచి తొంగి చూసి, "వస్తివా? కాళ్ళు కడుక్కో. నీకూ కలిపే బియ్యం వేసినా" అంటుంది.