ఉప్పులో వచ్చిన ముక్క

నాకు అసహ్యం ఎక్కువ. మనుషుల ఒంటి ముక్కల్ని కోసి జబ్బు చెప్పే డాక్టరు ఈ మాట అంటే ఎవరైనా నవ్వుతారు. కుళ్ళకుండా పోసే మందునీళ్ళలో, ఫార్మలిన్‌లో, తేలుతూ వచ్చిన ముక్కతో నాకే పేచీ లేదు. తెల్లబడి, గట్టిపడి, అది ఒక మనిషిదన్న సంగతే గుర్తుకు రాదు. వాసన వేసే ముక్కంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఒక సోమవారం పొద్దున్నే మూలపేట దగ్గరి జాలరి పల్లె నుంచి ఒకామె టెక్కలిలోని మా ల్యాబుకు వచ్చి, బల్ల మీద చిన్న సీసా పెట్టింది. మూత తీశాను. ఎండుచేపల కంపు, దాని వెనకే చీము కంపు. తడి ఉప్పులో చింతపిక్కంత మాంసం ముక్క. మూత మళ్ళీ పెట్టేశాను.

“ఇదేటమ్మా?”

“మా ఆయన కాలి ముక్క డాక్టరమ్మా. సర్జను గారు కోసి, మీకిమ్మని సెప్పినారు.”

“మందునీళ్ళు పోసి ఇచ్చుంటారు కదా, అవేవీ?”

“పారబోసినానమ్మా. కళ్ళు మండిపోనాయి. ముక్క పాడైపోద్దని కడిగి ఉప్పేసినాను. మీ కాడికి తెచ్చేదాకా రెండ్రోజులు ఉండాలి కదా. సేపలకి మేం అలాగే సేత్తాం. కుల్లదు.”

పని తెలిసిన మనిషి ధీమా ఆమె గొంతులో. దాంతో నాకు ఇంకా ఒళ్ళు మండింది. నోటికొచ్చినట్టు తిట్టాను. పెన్ను మొనతో సీసాను ఆమె వైపు నెట్టి, ఇది పనికిరాదు, ఇంకో ముక్క తీయించుకుని రమ్మన్నాను.

ఆమె సీసా తీసుకోలేదు. భర్త పాదంలో ఎప్పుడో మొగలి ముల్లు విరిగిందట. ఏళ్ళ తరబడి పాదం ఉబ్బుతూనే ఉందట. క్యాన్సరేమోనని సర్జన్ అనుమానం.

“మల్లీ కోయించుకోడమ్మా. మీరు సూడకపోతే లచ్చివారం కాలు తీసేత్తారు. కాలు నేకపోతే పడవెలా తోత్తాడు?”

ఆమె కదలదని అర్థమై, రెండు మాస్కులు కట్టుకున్నాను. ముక్కను కడిగి నిలువుగా కోశాను. లోపల ఆవగింజలో సగం ఉండే నల్లటి గింజలు. కత్తి కింద కరకరమన్నాయి. ఆ చప్పుడు పళ్ళలోకి దిగింది. మధ్యాహ్నం అన్నం తినలేకపోయాను.

కాలు తీసే గురువారానికి ఒక్క రోజు ముందు, బుధవారానికి స్లైడ్లు తయారయ్యాయి. ఉప్పు దెబ్బకు మనిషి కణాలన్నీ ముడుచుకుపోయాయి. వాటిని చూసి ఏ జబ్బూ చెప్పలేను. కానీ ఆ గింజలు చెక్కుచెదరలేదు. అవి ఫంగస్ ముద్దలు, వాటి గోడలు గట్టివి. ఫంగస్‌ను నల్లగా చూపించే సిల్వర్ స్టెయిన్ రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే గింజ నిండా నల్లటి పోగులు, కొమ్మలు వేసుకుని, ఒకదాన్నొకటి పెనవేసుకుని. ఇవి ఇన్నేళ్ళుగా బతికున్న పాదంలో కాపురం చేస్తున్నాయనుకోగానే చెప్పుల్లో నా కాలి వేళ్ళు ముడుచుకున్నాయి. ఫొటోలు సర్జన్‌కు పంపి ఫోన్ చేశాను. కాలు తీసే మాట మానుకుని, ముందు మందులు మొదలుపెడదామన్నారు ఆయన.

సాయంత్రం భార్యాభర్తలిద్దరూ వచ్చారు. ఆయన బయట మెట్టు మీద కూర్చుని పాదాన్ని ప్లాస్టిక్ కవరులోంచి తీశాడు. ఈగలు ముసిరాయి. ఆమె పక్కనే కూర్చుని గుడ్డతో చీము తుడుస్తోంది. నేను గుమ్మం దాటలేదు. లోపల్నుంచే చెప్పాను: వాపుకు కారణం ఫంగస్, కాలు తీయరు, నెలల తరబడి మాత్రలు మింగాలి.

“ఇది అంటుకుంటాదా అమ్మా? పిల్లల్ని దగ్గరికి రానివ్వడు ఈయన.”

“మనిషి నుంచి మనిషికి అంటుకోదు. భయం లేకుండా ముట్టుకోవచ్చు,” అన్నాను, డాక్టరు గొంతుతో, గట్టిగా.

ఆమె ఒక్క ఉదుటున లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. నేను విదిలించుకున్నాను. ఆలోచించి చేసింది కాదు, చేతులు వాటంతటవే వెనక్కి వచ్చేశాయి. ఆమె తన అరచేతుల వైపు చూసుకుని, కొంగుకు తుడుచుకుంది.

“తప్పేనమ్మా,” అంది. “సేతులు కడుక్కోనేదు.”

సిగ్గుతో నా చేతులు వెనక్కి దాచుకున్నాను. మెట్టు మీద ఆయన పాదాన్ని మళ్ళీ కవరులోకి దోపుకుంటున్నాడు.