గోడ కింది మూడు అంచులు

మొన్న ఇంటికి స్కర్టింగు, అదే గోడ కింది పట్టీ, చూద్దామని ప్రొద్దుటూరులో టైల్సు షాపుకు వెళ్ళాను. షాపాయన బల్ల మీద ఆరు రకాల పట్టీలు పరిచాడు. ఒకటి కొయ్యలా కనిపించే ప్లాస్టిక్కు, ఒకటి తళతళలాడే తెల్లది, ఇంకొకదాని మీద పువ్వుల గీత. "ఏదైనా ఒగటే సార్. గోడ కింద ఎవురు సూస్తారు? రంగు నచ్చితే సాలు" అన్నాడు. నాకు చర్రున కోపం వచ్చింది. నా కోపం సంగతి మా బంధువులందరికీ తెలుసు. కానీ ఆ పూట నోరు మూసుకున్నాను. గోడ కింది పట్టీ గురించి ఒకసారి నోరు పారేసుకుని బుద్ధి తెచ్చుకున్నవాణ్ణి మరి.

పులివెందులలో మా మేనత్త ఒక్కతే ఉండేది. మామ పోయాక మేమంతా రమ్మని ఎంత బతిమాలినా ఆ ఇల్లు వదల్లేదు. ఆమె పొయ్యి దగ్గర ఇంకొకరు గరిటె పట్టడానికి వీల్లేదు. ఆ జొన్నరొట్టె, అందులో నంజుకునే ఆ చెనిక్కాయల ఊరిబిండి తిన్నవాడెవడూ ఆ మాటకు ఎదురు చెప్పడు. పాత గచ్చు పగిలిపోతే నాపబండలు పరిపించడానికి జమ్మలమడుగు నుంచి ఒక మేస్త్రీని తనే పిలిపించుకుంది. పెద్దాయన, సాయిబు, అంతకు ముందు మా బంధువుల ఇళ్ళలోనూ పని చేసినవాడు, మేం మేస్త్రీ మామా అనేవాళ్ళం. గోడ కింది పట్టీని అదే నల్లరాతితో, మూడు వేళ్ళ ఎత్తున, ఉలితో చేత్తోనే చెక్కేవాడు. గుండ్రం అంచయితే పెచ్చు లేవదట, వాలు అంచు మీద దుమ్ము నిలవదట. చెక్కిందాన్ని కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమి చూసుకునేవాడు. ఎక్కడైనా వేలు ఆగిందంటే మళ్ళీ ఉలి అందుకోవాల్సిందే. అంత ఓపిక నేనింకెవరిలోనూ చూడలేదు.

పని అయిపోవస్తోందంటే చూసిపోదామని వెళ్ళాను. చూద్దును కదా, నడవలో గుండ్రం అంచు, పడకగదిలో వాలు అంచు, వంటింట్లో రెండు గీతల అంచు! గదికో రకం!

"ఏంది మామా ఇది? యాడివో మిగిలిన ముక్కలన్నీ తెచ్చి మా అత్త ఇంట్లో అతికిస్తాండావా?" అని అరిచాను.

"మిగిలినవి కాదప్పా. ఈడనే చెక్కినా" అన్నాడు.

"మరి ఇన్ని రకాలెందుకు?"

ఆయన అటు తిరిగి పట్టీ మీది రాతిపొడి తుడవసాగాడు. నాకు ఇంకా మండింది. మొత్తం పీకెయ్యమన్నాను, ప్రొద్దుటూరు నుంచి వేరే మేస్త్రీని తెస్తానన్నాను, దొంగపని అని కూడా అన్నాను. అన్నీ విని, ఆ పెద్దాయన తలొంచుకుని గడ్డపార అందుకున్నాడు.

అప్పుడు అత్త వంటింట్లోంచి వచ్చింది. "ఆయన్ను తిట్టొద్దురా. నేనే చెక్కమన్న్యా. నాకు కండ్లు పోతాండాయి. ఇంగ రావని డాక్టరు చెప్పినాడు. మీకు తెలిస్తే నన్ను తీస్కపోయి ఓ మూల మంచమేస్తారు, పొయ్యి కాడికి గూడా పోనియ్యరు. అందుకే ఎవురికీ చెప్పనని ఆయన చేత ఒట్టేయించుకున్న్యా" అంది.

తర్వాత కళ్ళు మూసుకుని, వట్టికాలిని గోడవార పట్టీకి రాసుకుంటూ నడిచి చూపించింది. "గుండ్రం... నడవ. ఇదో, గీతలొచ్చె. వంటిల్లు." నేరుగా పోయి పొయ్యి మీద చేయి పెట్టింది. నేనూ కళ్ళు మూసుకుని బయల్దేరి బియ్యం డబ్బాను గుద్దుకున్నాను. అత్త పకపకా నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. మేస్త్రీ మామ చేతిలో గడ్డపార తీసి పక్కన పెట్టి, "తప్పయిపాయ మామా" అన్నాను. "అక్కకు మాటిచ్చినా గదప్పా, ఎట్ల చెప్పేది?" అన్నాడాయన.

రెండేళ్ళకు అత్తకు చూపు పూర్తిగా పోయింది. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికింది. చివరి నెల దాకా తన రొట్టె తనే కాల్చుకుంది, మాకూ పెట్టింది. ఆ తొమ్మిదేళ్ళ కాలాన్నే మేస్త్రీ మామ రాతిలో చెక్కి ఆమె చేతికిచ్చాడు. దాన్ని నేను ఒక్క పూటలో పీకించబోయాను.