మా వదిన ఎంచిన అత్తర్లు

మా వదిన పోయిందన్న కబురు ఒక ఆదివారం పొద్దున వచ్చింది. మా ఆయన చర్చికి బయలుదేరుతూ అద్దం ముందు నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఫోన్ చేసింది చిట్గుప్ప నుంచి వదిన భర్త. "మీ అక్క లేదు బామ్మర్దీ. చాయ తీస్కపోయి లేపితే లేవలే," అన్నాడు. మా ఆయన ఫోన్ పట్టుకుని అలాగే మంచం మీద కూర్చుండిపోయాడు. అప్పటికే మెడకు అత్తరు పూసుకున్నాడు. గదంతా ఆ వాసనే.

వదిన మా ఆయనకు సొంత అక్క. తల్లి చిన్నప్పుడే పోతే ఆయన్ని ఎత్తుకుని పెంచింది. మా బంధువుల్లో ఏ మగవాడు ఏ వాసన పూసుకోవాలో ఎంచేది ఆమే. తమ్ముడికి, భర్తకు, కొడుక్కు, మరుదులకు, చివరికి చర్చి పాస్టరుగారికి కూడా. పెళ్లయిన నాటి నుంచి ఈ ఒక్క విషయంలో నేను ఆమెను చూసి కుళ్లుకుంటూనే ఉన్నాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు ఇలాంటి మాట రాయకూడదంటారు. అది వదిలేస్తే ఆమె గురించి నేను రాయగలిగింది ఏమీ మిగలదు.

చిట్గుప్ప చేరేసరికి ఆమెను పెట్టెలో పడుకోబెట్టారు. ఆదివారం కదా, మగవాళ్లంతా చర్చికి తయారై, కబురు విని అటే వచ్చేశారు. ఆ చిన్న ముందుగదిలో కళ్లు మూసుకుని కూడా ఎవరు ఎక్కడున్నారో చెప్పగలిగాను. కిటికీ పక్కన చందనం, అది ఆమె భర్త. గుమ్మం దగ్గర లవంగం ఘాటు, అది పెద్ద మరిది. పెట్టెకు తల వైపు నిలబడింది మా ఆయన. ఏడుస్తూనే అనుకున్నాను, నేను పోయిననాడు ఇంతమంది మీద నా గుర్తు ఏముంటుంది అని.

పెళ్లయిన కొత్తలో మా ఆయన చొక్కా ఉతకడానికి తీసుకుని ఒక నిమిషం ముఖానికి ఆనించుకున్నాను. వట్టివేరు వాసన, దాని అడుగున ఎండిన పొగాకు ఆకులాంటి కారం. "ఎంత బాగుంది! ఎక్కడ కొన్నవ్?" అని అడిగాను. ఆయన ఎంతో గర్వంగా, "అక్క తెచ్చింది," అన్నాడు. కొత్త పెళ్లికూతురికి ఆ రెండు మాటలు ఎలా ఉంటాయో ఆడవాళ్లకు చెప్పనక్కర లేదు.

మా ఆయన బీదర్ పక్కన నౌబాద్‌లో ఒక చిన్న కార్ఖానాలో లేతు మిషను మీద పనిచేస్తాడు. సాయంత్రం బండి దిగేసరికి ఒంటికి ఇనుప రజను, నూనె వాసన. నేను బడిలో పిల్లలకు కన్నడం చెబుతాను. నాకు తోచినంతలో, ఒక పుట్టినరోజుకు ఆయనకు కొత్త ఫ్యాషన్ స్ప్రే ఒకటి కొన్నాను. టీవీలో చూపించేలాంటిది, నీలం సీసా. ఆయన సంతోషంగానే కొట్టుకున్నాడు. ఆ సాయంత్రమే వదిన వచ్చింది. గడపలో చెప్పులు విడుస్తూనే ఆగిపోయింది.

"ఏందిది తమ్మీ? ఐస్‌క్రీం బండి వచ్చినట్టున్నది ఇంట్ల!"

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. "నేను తెచ్చిన వదినె," అన్నాను.

ఆమె నా ముఖం చూసి కొంచెం తగ్గింది. "మంచిగనే ఉన్నది పిల్లా. కాలేజీకి పోయే పోరగాండ్లకు మంచిగుంటది. వీడు దినమంతా ఇనుముతోని ఉంటడు గద, ఆ ఒంటికి తీపి పడదు. మట్టి వాసన పడ్తది, కట్టె వాసన పడ్తది." ఆ తర్వాత నీలం సీసా అలమారలో వెనక్కి వెళ్లిపోయింది. ఎవరూ వెళ్లగొట్టలేదు. దానంతట అదే వెళ్లింది.

బీదర్ పాత బజారులో ఆమె ఎప్పుడూ వెళ్లే అత్తరు దుకాణం ఒకటుంది. మగవాళ్లు పూసుకునే వాటిని అక్కడ మర్దానా అంటారు. కస్తూరి, ఊద్ అనే అగరు, ఖస్ అనే వట్టివేరు, చందనం. ఎవరికి కావాలంటే వాళ్లను వెంట తీసుకుపోయేది. మణికట్టు మీద చుక్క పెట్టించి, "పో, చాయ తాగి ఎండల నడిచి రా," అని పంపించేది. తిరిగి వచ్చాక, చెమట పట్టిన చేతిని వాసన చూసి నిర్ణయించేది. దుకాణదారు మెచ్చుకుంటూ ఖరీదైనది ముందు పెడితే, "భాయ్, సీసాల ఎట్లున్నదో నాకెందుకు? మనిషి మీద ఎట్లున్నదో చూడాలె," అనేది.

కొత్తగా వచ్చిన పాస్టరుగారు చాలా ఘాటైన ఊద్ పూసుకునేవారు. అందరం ఇబ్బందిపడుతూ ఊరుకున్నాం. వదిన మాత్రం నేరుగా వెళ్లి, చిన్న చందనం సీసా ఆయన చేతిలో పెట్టింది. "అయ్యా, వాక్యం వినాల్నంటే జర మా ముక్కులు ఖాళీగ ఉండాలె." ఆయన పగలబడి నవ్వి తీసుకున్నారు. అదే మాట నేను అని ఉంటే అగౌరవమయ్యేది.

అన్నిటికంటే నన్ను కాల్చింది మా నాయన సంగతి. ఆయనది హళ్ళిఖేడ్ (బి) అనే ఊరు, చెరుకు రైతు. జన్మలో సెంటు ముట్టలేదు. మా పిల్లవాడి బాప్తిస్మానికి వచ్చినప్పుడు, పదిమందిలో తన దగ్గర బెల్లం పొగ వాసన వస్తుందని ఒక మూలన కూర్చున్నాడు. నేను అది గమనించనే లేదు. వదిన గమనించింది.

"మామా, ఆ పొగ వాసన పోగొట్టుకోకు. అది నీదే. దానికి తోడు ఇది జరంత పెట్టుకో," అని చెవి వెనక ఖస్ అద్దింది. ఆ రోజు మా నాయన మధ్య వరసలో కూర్చుని భోంచేశాడు. ఇప్పటికీ ఊరినుంచి వస్తే అదే పూసుకుని వస్తాడు. కన్నకూతురిని నేనుండగా ఆ పని ఆమె చేసింది. ఆ కృతజ్ఞత, ఆ మంట నా లోపల ఒకే చోట ఉన్నాయి, విడదీయలేను.

కొన్నేళ్ల కింద ఆమెకు గట్టి జ్వరం వచ్చి తగ్గింది. ఆ క్రిస్మస్ ముందు, మా ఆయన పనికి వెళ్లాక వచ్చి, "నడువు పిల్లా, బజారుకు పోదాం," అంది. ఎన్నడూ పిలవనిది పిలిచేసరికి ఆశ్చర్యపోయాను. దుకాణంలో దూదిపుల్ల ముక్కు దగ్గర పెట్టుకుంది, తీసింది, మరొకటి పెట్టుకుంది. తర్వాత రెండూ నా చేతికిచ్చింది.

"నువ్వు చూడు."

"నేనా?"

"నాకు ఏం తెలుస్తలేదు. జ్వరమొచ్చి పోయిన కాన్నుంచి పూవు లేదు, పులుసు లేదు. ఎవరికి చెప్పలే."

"మరి నన్నెందుకు తెచ్చినవ్ వదినె? మీ ఆడిబిడ్డలు ఉన్నరు గద," అన్నాను.

"నేనేం తెస్తున్ననో, ఎవనికి ఏది పెడ్తున్ననో, నీ అంత కండ్లు పెట్టి చూసినోళ్లు ఎవరున్నరు?" అంది. నవ్వుతూనే అంది. ఇన్నేళ్లూ నా కుళ్లు ఆమెకు తెలుసన్నమాట.

ఆ రోజు మా ఆయనకు నేనే ఎంచాను. దేవదారు కట్టె, నిమ్మాకు, చివర్న కొత్త తోలు చెప్పుల వాసనలాంటిది. ఆయన మెడ దగ్గర ఎన్నో ఏళ్లు తల పెట్టుకుని పడుకున్నదాన్ని, ఏది నిలుస్తుందో నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది! పండుగనాడు సీసా తెరిచి ఆయన మెడకు అద్దుకుని చూశాడు. తర్వాత, "అక్కా, ఇన్నేండ్లల్ల గిసొంటిది తేలే నువ్వు," అన్నాడు.

నేను వదిన వైపు చూశాను. ఆమె, "అవునా తమ్మీ," అని అందరికీ పలావు వడ్డించసాగింది. వంటింట్లో నిలదీశాను.

"చెప్పొచ్చు గద, నేను తీసిందని!"

"చెప్తే నా ముక్కు సంగతి చెప్పాలె. వాడు పరేషాన్ అయితడు. నేను పోయినంక చెప్పుకో పిల్లా, నీదే అని."

తర్వాతి క్రిస్మస్‌కూ అంతే. నేను ఎంచినదాన్ని మా ఆయన మెచ్చుకున్నాడు, మెప్పు ఆమెకు వెళ్లింది. నా చేతి పనిని చూసి నేనే అసూయపడే గతి పట్టింది నాకు.

సమాధి కార్యక్రమం అయిపోయి ఇంటికి వచ్చాక, మా ఆయన నేను ఎంచిన ఆ అత్తరు సీసా చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఇక ఆగలేకపోయాను.

"అది అక్క తీసింది కాదు. నేను తీసిన. అక్కకు వాసన తెలుస్తలేకుండె."

"తెల్సు," అన్నాడు.

"ఏం తెల్సు?"

"పోయిన క్రిస్మస్‌కు ముందే ఒకనాడు అక్క ఇంటికి పోయేసరికి పొయ్యి మీద కూర మాడి పొగలేస్తాంది. ఆమె పక్కన్నే కూసోని బియ్యం ఏరుతాంది. అప్పుడే తెల్సింది. నువ్వే తీస్తున్నవని గుడ సమజైంది."

"మరి నాకొక్క మాట చెప్పొద్దా? ఎన్నడన్న మంచిగున్నదని నాతోని అన్నవా?"

"నీతోని అంటే, అక్కకు తెలుస్తుండె గద, నాకు తెల్సిందని." కళ్లు తుడుచుకున్నాడు. "కనీ రోజు పూసుకున్న గద."

ఆ మాటకు నా మనసు కొంత చల్లబడింది. పూర్తిగా కాదు. అక్క తమ్ముడి కోసం దాచింది, తమ్ముడు అక్క కోసం దాచాడు. మధ్యలో అన్నీ తెలిసినదాన్ని నేనే అనుకుంటూ తిరిగాను. ఇప్పుడు ఆ దుకాణానికి ఒక్కదాన్నే వెళ్తున్నాను. వదిన కొడుకు, మరుదులు వరసగా నాకే ఫోన్ చేసి అడుగుతున్నారు. ఆమె చెప్పినట్టే ఎండలో నడిచి రమ్మంటున్నాను. వాళ్లు చాచిన చేయి వాసన చూసి నేనొకటి ఎంచితే, "అమ్మ అయితే ఏమంటుండెనో," అని ఆ కొడుకు అంటే మాత్రం ఇంకా ఉడుక్కుంటున్నాను.

వదిన బతికుండగా, పోయిన క్రిస్మస్ సాయంత్రం ఆమె చిట్గుప్ప బస్సు ఎక్కడానికి బయలుదేరింది. మా గేటు దగ్గర ఆగి, "ఇటు రా తమ్మీ, జర చూడనియ్," అంది. మా ఆయన పొడగరి. ఆమె ఎత్తుకు వంగి, మెడ ఒక పక్కకు ఒంచి నిలబడ్డాడు. ఆమె కళ్లు మూసుకుని, అక్కడ ముక్కు ఆనించి, నిండుగా ఊపిరి పీల్చింది. ఏమీ అందని ఆ ఊపిరిని చాలాసేపు లోపలే ఉంచుకుంది. ముఖం మెల్లగా విప్పారింది. బస్సు హారను కొడుతోంది. మా ఆయన కదలలేదు. గేటుకు ఇవతల, ఆమె సంచి చేతపట్టుకుని, నేను వాళ్లిద్దరినీ చూస్తూ నిలబడి ఉన్నాను.